మధ్యాహ్నపు గుండె

ఇస్త్రీ బల్ల మూలన పెట్టిన అత్తగారి ఫోను మళ్లీ కూసింది. తెర మీద ఏముంటుందో కోడలు చూడకుండానే చెప్పగలదు: "బ్యాండు మీ మణికట్టు మీద లేదు." నిజమే, లేదు. లోపలి గదిలో అత్తగారు గోడవైపు తిరిగి, చెయ్యి చెంప కింద పెట్టుకుని గురక పెడుతోంది. ఆమె గుండె చప్పుళ్లు లెక్కపెట్టే బ్యాండు ఎప్పటిలాగే మంచం పక్కన నేలమీద పడి ఉంది.

కోడలు ఇస్త్రీ పెట్టెను నిలబెట్టి, చేతులు తుడుచుకుని, మునివేళ్ల మీద వెళ్లి బ్యాండు తీసుకొచ్చింది. తన ఎడమ మణికట్టుకు బిగించుకుంది. ఫోను నోరు మూసుకుంది.

అత్తగారికి నిద్రలో ఆ పట్టీ దురద పెడుతుంది. గోకి గోకి వదులు చేసేస్తుంది, అది జారిపోతుంది. మొదటిసారి ఫోను కూసినప్పుడు కోడలు వెళ్లి మళ్లీ చేతికి కట్టబోయింది. నిద్ర పాడుచేసినందుకు పొద్దుగూకేదాకా చీవాట్లు తింది. రెండోసారి జోలికి పోలేదు. గ్రాఫులో ఖాళీ వచ్చిందేమిటని పరిశోధన ఆఫీసు వాళ్లు అడిగారు. అప్పుడు, చూస్తూ ఊరుకున్నందుకు తింది. ముందు నుయ్యి వెనక గొయ్యి. మూడోసారి ఇంకేమీ ఆలోచించకుండా తన చేతికే కట్టేసుకుంది. ఇంట్లో ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు. అప్పట్నుంచి అదే అలవాటైపోయింది. అత్తగారు కదిలిన చప్పుడు వినగానే విప్పి దిండు పక్కన పడేస్తుంది. ఆమె లేచి, "ఇప్పుడే జారినట్టుంది" అనుకుంటూ కట్టుకుంటుంది.

అత్తగారు బస్సు కండక్టరుగా చేసి రిటైరయింది. వీధిలో అందరికీ ఆమె ఇప్పటికీ కండక్టరమ్మే. ఉద్యోగం అయిపోయాక ఏమీ తోచక, కనపడిన ప్రతివాణ్నీ ఎక్కడ ఎక్కావు, ఎక్కడ దిగుతావు అన్నట్టు చూస్తుండేది. అలాంటి సమయంలో ఈ పరిశోధన దొరికింది. మామూలు జనమే తమ గుండెల్ని తాము గమనించి, శాస్త్రవేత్తలతో కలిసి ప్రశ్నలు వేసే పరిశోధన అది. చేరినవాళ్లకు మెడలో వేసుకోవడానికి 'ప్రజా పరిశోధకురాలు' అని ఒక కార్డు ఇచ్చారు. ఆమె దాన్ని కూరల బజారుకు కూడా వేసుకెళ్తుంది.

కోడలు మళ్లీ పెట్టె అందుకుంది. ఆసుపత్రి తెల్లకోట్లు కుప్పగా ఉన్నాయి. కోటుకు ముందు కాలరు, తర్వాత భుజాలు, చేతులు, చివరికి వీపు. జేబు దగ్గర ముడత గట్టిది. మూతకు చిల్లులు పొడిచిన సీసాతో నీళ్లు చిలకరించి, పెట్టె ముక్కుతో కుట్టు వెంబడి నొక్కాలి. గట్టిగా నొక్కితే గుండీ విరుగుతుంది. ఆమె చేతికి ఇవన్నీ తెలుసు, మనసు పెట్టనవసరం లేదు.

కుప్ప సగమయ్యేసరికి ఛాతీలో అది మొదలైంది. పొంగుతున్న గిన్నె మీద మూత తడబడినట్టు, ఆగకుండా, ఒక వరస లేకుండా. ఆమె బల్ల అంచు పట్టుకుని నిలబడింది. కళ్లముందు కోట్ల తెలుపు కాస్త మసకబారింది. గుక్కెడు నీళ్లు తాగి కుర్చీలో కూలబడింది.

సరిగ్గా అప్పుడే మూటలు దింపడానికి మొగుడొచ్చాడు. "అప్పుడే కూర్చున్నావా? సాయంత్రానికి ఇవ్వాలి ఇవి."

"ఎండండీ. కాస్త దడగా ఉంది."

లోపల్నుంచి అత్తగారి గొంతు వినిపించింది. లేచిందన్నమాట. "నేను పొద్దున్నుంచి రాత్రిదాకా కదిలే బస్సులో నిలబడ్డానురా. మీ ఆవిడ కదలని నేలమీద నిలబడలేకపోతోంది."

మొగుడు నవ్వాడు. కోడలు కూడా నవ్వింది. మాట బాగానే ఉంది మరి. చేయి వెనక్కి పెట్టి బ్యాండు విప్పుకుంటూ లేచింది.

*

పరిశోధన ఆఫీసు అమ్మాయికి అత్తగారు పెట్టిన పేరు గ్రాఫులమ్మాయి. మనిషి సన్నగా, మాట తొందరగా ఉంటుంది. ఎప్పుడూ ఫోనులో మాట్లాడేది ఆ రోజు పనిగట్టుకుని ఇంటికే వచ్చింది. చెప్పులు విడుస్తూనే అడిగింది.

"అమ్మా, మధ్యాహ్నం పూట మీరేం చేస్తుంటారు?"

"పడుకుంటాను తల్లీ. ఇన్నేళ్లూ తీయని కునుకంతా ఇప్పుడు తీస్తున్నాను."

"మెట్లెక్కడం, బరువులెత్తడం లాంటివి?"

"నిద్రలో బరువులెవరెత్తుతారు?"

గ్రాఫులమ్మాయి తన పలకలాంటి యంత్రాన్ని అత్తగారి వైపు తిప్పింది. "ఇదిగో ఇది పొద్దున. చక్కగా ఉంది. ఇది సాయంత్రం, ఇదీ బాగుంది. ఇది మధ్యాహ్నం." ఆ గీత ఒకచోట పరుగెత్తింది, ఒకచోట తడబడింది, ఒకచోట రెండడుగులు కలిపి వేసి తర్వాతిది మరిచిపోయింది. "రోజూ కాదు. కానీ వచ్చినప్పుడల్లా మధ్యాహ్నమే. నిద్రలో ఇలా అవడం మాకింకెవరిలోనూ కనపడలేదు."

"ఇంకెవరిలోనూ లేదా?" అత్తగారి వెన్ను నిటారుగా అయింది. భయపడవలసిన మాటకు ఆమె మొహం వెలిగిపోయింది.

"అందుకే మీరు మాకు ముఖ్యం. ఒక జబ్బుకి అందరికీ ఒకటే మాత్ర ఇస్తున్నాం కదమ్మా. ఒకరికి పనిచేస్తుంది, ఒకరికి చెయ్యదు, ఇంకొకరికి ఎదురు తిరుగుతుంది. ఎవరి గుండె ఎప్పుడేం చేస్తుందో తెలిస్తే, ఎవరికి తగ్గ మందు వాళ్లకివ్వచ్చు. ఆసుపత్రిలో కాసేపు చూస్తే అది దొరకదు. మీలాంటివాళ్లు ఇళ్లలో చూసి చెప్పాలి."

"ఒక్కో గుడ్డకి ఒక్కో వేడి అన్నమాట," అంది అత్తగారు, ఇస్త్రీ బల్ల వైపు చెయ్యి విసురుతూ. "మా కోడల్నడుగు. పట్టుకి పెట్టే వేడి నూలుకి పెడితే ముడత పోదు. నూలుది పట్టుకి పెడితే పట్టే పోతుంది."

గ్రాఫులమ్మాయికి ఆ మాట నచ్చి రాసుకుంది. టీ కప్పులు పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయిన కోడలు తేలు కుట్టిన దొంగలా ఉంది.

"వచ్చేవారం, శనివారం మన పరిశోధకుల సమావేశానికి డాక్టరుగారొస్తున్నారు. మీ గ్రాఫు గురించి మీరే చెప్పాలి. ఆయన చూసి మందు సంగతి తేలుస్తారు. ఈలోగా కారణం ఏమై ఉంటుందో మీరే వెతకండి. ఒక్కోసారి ఒక్కటే మార్చి చూడండి. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది ఏం చేసిందో తెలియదు."

కోడలు నోరు తెరిచింది. అత్తగారు మెడలో కార్డును సరిచేసుకుంటోంది, చిన్నపిల్ల కొత్త గౌను సరిచేసుకున్నట్టు. ఇన్నాళ్లూ ఎవరూ ఆమెనేమీ అడగలేదు. ఇప్పుడు ఒక చదువుకున్న పిల్ల వచ్చి, మీరు వెతకండి అంటోంది. కోడలు నోరు మూసుకుని, టీ చల్లారిపోతుందని మాత్రం అంది.

*

మర్నాడు అత్తగారు టీ మానేసింది.

ఆ రోజు మొగుడి బండి టైరు పంక్చరై ఆసుపత్రి మూటలు రాలేదు. కోడలు ఉన్న నాలుగు దుప్పట్లూ మడతపెట్టి, బ్యాండు చేతికుండగానే గుమ్మంలో కూర్చుని వీధి చూసింది. సాయంత్రం అత్తగారు గ్రాఫు తెరిచి అరిచిన అరుపుకు పక్కింటావిడ పరుగెత్తుకొచ్చింది. గీత బుద్ధిగా ఉంది.

"దొంగ దొరికాడు! టీ!"

ఇంట్లో టీ నిషేధం వచ్చింది. పొడి డబ్బా అటక మీదికి పోయింది. కప్పు కోసం చెయ్యి చాచిన కొడుక్కి మజ్జిగ దొరికింది.

"అమ్మకి దడొస్తే నాకెందుకు టీ బందు?" అని అతను పెళ్లాం ముందు వాపోయాడు. "కందకి లేని దురద కత్తిపీటకెందుకంటారు. ఇక్కడ కందకున్న దురద కత్తిపీటకి అంటించారు."

కోడలికి నవ్వాగలేదు. నవ్వుతూ నవ్వుతూ ఉండగా కళ్లలో నీళ్లొచ్చాయి, అవి నవ్వుకో భయానికో ఆమెకే తెలియలేదు. కంద ఎవరో ఆమెకొక్కదానికే తెలుసు.

ఆ మర్నాడు రెండు రోజుల మూటలూ కలిసి వచ్చాయి. గీత గంతులేసింది. టీ తాగకుండానే దడ ఎలా వచ్చిందని అత్తగారు చాలాసేపు ఆలోచించి, పక్కింట్లో కాచిన టీ వాసన కిటికీలోంచి వచ్చిందని తేల్చింది. కిటికీ మూయించింది. గది ఉడికిపోయింది.

ఈ వేడుక మధ్యలో కోడలికి ఒక కొత్త పని పట్టుకుంది. అత్తగారు పడుకోగానే ఫోను తెరిచి ఆ గీతను చూడసాగింది. తన లోపల జరిగేదాన్ని తనే ఎదురుగా కూర్చుని చూడటం ఆమెకు వింతగా, ఒక రకంగా ముచ్చటగా ఉంది. ఎవరూ చూడని పని మనిషిని ఎవరో కిటికీలోంచి చూస్తున్నట్టు. ఒక్కోసారి ఒక్కటే మార్చమంది కదా గ్రాఫులమ్మాయి. ఆమె కూడా మార్చింది. ఒక మధ్యాహ్నం బరువైన పెట్టె, ఒక మధ్యాహ్నం తేలికది. ఒకరోజు నిలబడి, ఒకరోజు ఎత్తుపీట మీద కూర్చుని. బరువు పెట్టెకు గీత పరుగెత్తింది, అది సరే. కూర్చుని దిండుగలీబులు మడతపెడుతున్నప్పుడు కూడా ఒకసారి తడబడింది. అదెందుకో అంతుబట్టలేదు. నిన్నటి అలసటేమో అనుకుంది. చివరికి ఆమె తేల్చుకున్నది ఒకటే: ఇది జబ్బు కాదు, పని. నిద్రపోయే మనిషి గుండె అనుకుని చూస్తున్నారు కాబట్టి వాళ్లకి వింతగా ఉంది. ఇస్త్రీ చేసే మనిషిది అని తెలిస్తే, ఓస్ ఇంతేనా అంటారు. ఆ మాట తనకు తాను చాలాసార్లు చెప్పుకుంది. ఓస్ ఇంతేనా అన్నాక అత్తగారి మొహం ఎలా ఉంటుందో మాత్రం ఊహించుకోలేకపోయింది.

అత్తగారిలో మార్పు మొదలైంది. బజారుకెళ్లడం మానేసింది. మేడమెట్లు ఎక్కడం మానేసింది. మాట మధ్యలో ఆగి ఛాతీ మీద చెయ్యి పెట్టుకుంటోంది. వీధి మొత్తానికి వినపడే గొంతు మంచం దాటి రావడం లేదు. శుక్రవారం సాయంత్రం, కోడలు బట్టలు సర్దుతుంటే పక్కన కూర్చోమని చేత్తో తట్టింది.

"అమ్మాయ్, పైకి గొప్పలు చెప్తున్నాను గాని, నాకు భయంగా ఉందే. నిద్రలో వచ్చేదాన్ని ఎలా కాచుకోను? రోజూ పడుకునేముందు ఇక లేస్తానో లేదో అనుకుంటున్నాను."

"మీకేం కాదత్తయ్యా."

"నీకేం తెలుసు?"

తెలుసు అనాలి. అనబోయింది. అత్తగారు ఆమె చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది, ఇన్నేళ్లలో ఎన్నడూ లేనిది. ఆ చేతినిప్పుడు ఎలా లాక్కోవాలో కోడలికి తెలియలేదు. రేపు సమావేశంలో గ్రాఫులమ్మాయిని పక్కకి పిలిచి చెప్పేద్దాం, అత్తగారికి తెలియకుండానే సర్దేస్తారు అనుకుంది.

*

సమావేశం గ్రంథాలయం పైగదిలో, మధ్యాహ్నం పూట. గుండెజబ్బు మనిషి ఒంటరిగా వెళ్లకూడదు గనుక సంచీ మోయడానికి కోడలు రావలసి వచ్చింది. తెల్లకోట్ల కుప్ప అలాగే బల్ల మీద ఉంది. మెట్ల దగ్గర అత్తగారు ప్రతి మెట్టుకూ ఆగింది, కోడలు చెయ్యి పట్టుకుని ఎక్కించింది. పైకొచ్చేసరికి ఆయాసపడుతున్నది కోడలే. ఆ సంగతి ఇద్దరూ పట్టించుకోలేదు.

గదినిండా తలలు నెరిసినవాళ్లు, అందరి మెడల్లోనూ కార్డులు. ఒక రిటైరైన మేష్టారు నడకకీ నాడికీ సంబంధం గురించి చెప్పాడు. ఒక ముసలాయన తన గుండె వార్తలు వింటేనే పరుగెడుతోందని చెబితే అందరూ నవ్వారు. గ్రాఫులమ్మాయి అటూ ఇటూ తిరుగుతూ ఉంది. పక్కకి పిలుద్దామంటే కుదరలేదు. ఈలోగా అత్తగారి వంతు వచ్చింది.

బస్సులో వెనక సీటుకు వినపడేలా మాట్లాడిన గొంతు ఆమెకు తిరిగొచ్చింది. టీ సంగతి, కిటికీ సంగతి, వాసన సంగతి చెప్పింది. గోడ మీద గ్రాఫు పెద్దదిగా పడింది. కోడలు వెనక వరసలో కూర్చుని, అందరూ చూస్తున్న తన గుండెను చూసింది.

డాక్టరుగారు ముందుకు వంగాడు. పెద్దవాడు, ఎవర్నీ తొందరపెట్టని మనిషి. "ఇప్పుడు పరీక్ష చేస్తే దొరక్కపోవచ్చమ్మా, వచ్చిపోయే రకం ఇది. కానీ ఇన్నాళ్ల గ్రాఫు సాక్ష్యముంది. గుండె వేగం తగ్గించే మాత్ర చిన్న మోతాదులో మొదలుపెడదాం. సోమవారం ఆసుపత్రికి రండి."

అత్తగారు బుద్ధిగా తలూపింది.

"ఆ మాత్ర..." వెనక వరసలోంచి వచ్చిన గొంతు తనదేనని కోడలికి ఒక క్షణం తర్వాత తెలిసింది. అందరూ తిరిగి చూశారు. "ఆ మాత్ర జబ్బు లేనివాళ్లు వేసుకుంటే ఏమవుతుందండీ?"

"మంచి ప్రశ్న," అన్నాడు డాక్టరు. "గుండె సరిగ్గా ఉన్నవాళ్లకి అనవసరంగా నెమ్మదిస్తుంది. ఈ వయసులో కళ్లు తిరిగి పడిపోవచ్చు. అందుకే గ్రాఫు చూడకుండా ఇవ్వం."

కోడలు లేచి నిలబడింది. "అత్తయ్యకి వద్దండి. ఆ గ్రాఫు అత్తయ్యది కాదు." ఆ తర్వాత ఆగలేదు. బ్యాండు జారడం, ఫోను కూయడం, తను కట్టుకోవడం, దిండు పక్కన పడేయడం అన్నీ చెప్పేసింది. "మధ్యాహ్నం గీతంతా ఇస్త్రీ పనండి. జబ్బు కాదు. తప్పయిపోయింది. మోసం చెయ్యాలని కాదు, ఖాళీ వస్తే తిడతారని."

గ్రాఫులమ్మాయి మెల్లగా కుర్చీలో కూర్చుంది. మేష్టారు గొంతు సవరించుకుని, ఇన్నాళ్ల సమాచారం వృథా అయిపోయిందే అన్నాడు. అత్తగారు వేదిక మీంచి కోడలినే చూస్తోంది. టికెట్టు లేని మనిషిని చూసే చూపది. కోడలు తల దించుకుంది. ఇంటికెళ్లాక ఏమవుతుందో, అసలు ఇంటిదాకా ఆగుతుందో లేదో.

అత్తగారు దిగింది. ఎక్కేటప్పటిలా ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. వరసల మధ్యలోంచి, కదిలే బస్సులో నడిచినట్టు కాళ్లు ఎడంగా వేస్తూ వచ్చి కోడలి ముందు నిలబడింది. ఆమె ఎడమ చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది. మణికట్టు మీద, పట్టీ ఉండే చోట, చర్మం చుట్టూ లేత గీత పడి ఉంది.

"నాది కాదు, సరే," అంది. గొంతు మామూలుగా ఉంది. "మరి ఆ గుండె ఎవరిదే?"

"నాదే అత్తయ్యా. చెప్పాను కదా."

"నీదైతే జబ్బు కాకుండా పోతుందా?"

కోడలు అర్థంకానట్టు చూసింది. నిజంగానే ఆమెకు ఆ ఆలోచన రాలేదు. ఇన్నాళ్లూ ఆమె భయమంతా అత్తగారి కోసం, మాత్ర కోసం, తిట్ల కోసం; గీత ఎవరిదో తెలిసిన ఒకే ఒక్క మనిషి ఆ గీత గురించి భయపడలేదు.

డాక్టరుగారు దగ్గరికొచ్చి కుర్చీ లాక్కున్నాడు. "పని చేస్తే గుండె వేగంగా కొట్టుకుంటుందమ్మా, నిజమే. కానీ ఒక వరసలో కొట్టుకుంటుంది. ఇది వరస తప్పుతోంది. పని చేస్తున్నప్పుడు నీకేమనిపిస్తుంది?"

"దడగా ఉంటుందండి. కళ్లు మసకేస్తాయి. కాసేపు బల్ల పట్టుకుంటే పోతుంది. అందరికీ ఉండేదేగా."

"అందరికీ ఉండదమ్మా."

కోడలు చుట్టూ చూసింది, ఎవరైనా తనకీ ఉంటుందని అంటారేమోనని. ఎవరూ అనలేదు. అప్పుడు భయం వేసింది, ఒక్కసారిగా. అత్తగారు ఆమెను కూర్చోబెట్టి పక్కనే కూర్చుంది. కదలని నేలమీద నిలబడలేకపోతోందని తను ఎన్నిసార్లు అందో ఇప్పుడు గుర్తొస్తున్నట్టుంది. సిగ్గుపడటం ఆమెకు అలవాటులేని పని, ఎలా చెయ్యాలో తెలియక మెడలో కార్డు తీసి ఒళ్లో పెట్టుకుంది.

తర్వాత గ్రాఫులమ్మాయి వైపు తిరిగింది. "తల్లీ, ఒక మాటడుగుతాను. ఈ గదిలో పనిలో ఉన్నవాళ్లెవరైనా ఉన్నారా? అందరం మధ్యాహ్నం కునుకు తీసేవాళ్లమే. మీటింగూ పనివేళే పెట్టావు. డిపోలో ఆగి ఉన్న బస్సెక్కి, రోడ్డెలా ఉందో చెప్పమన్నట్టు లేదూ?"

గ్రాఫులమ్మాయి చాలాసేపు గోడ మీద గీతను చూసింది. "సమాచారం వృథా కాలేదు," అంది చివరికి, మేష్టారితో. "మనిషి పేరు మార్చాలి, అంతే."

*

ఆసుపత్రిలో కోడలికి పరీక్షలన్నీ అయ్యాయి. వచ్చిపోయే దడే. ఇలాగే వదిలేసుంటే ఏదో ఒకనాడు పక్షవాతం దాకా తీసుకుపోయేదట. మొదట ఇచ్చిన మాత్రకు కోడలు నిలబడలేకపోయింది, ఒళ్లంతా తూలింది. డాక్టరు ఆమె బ్యాండు గ్రాఫు చూసి, ఏ వేళ ఏ పని చేస్తుందో అడిగి, ఆ మాత్ర మార్చి వేరేది రాశాడు. ఇది ఒంటికి పడింది. ఆమె చేతికిప్పుడు సొంత బ్యాండు ఉంది. సమావేశాలు సాయంత్రానికి మారాయి; మొన్న ఒక వంటావిడ, ఒక తాపీమేస్త్రీ కూడా వచ్చారు.

మధ్యాహ్నం ఇస్త్రీ ఇప్పుడు అత్తగారిది. మొదటిరోజే ఒక తెల్లకోటు జేబు మీద పెట్టె ఆకారం గోధుమరంగులో అచ్చు పడింది.

"డాక్టర్లడిగితే ఏం చెప్పనమ్మా?" అన్నాడు కొడుకు తల పట్టుకుని.

"పరిశోధన జరుగుతోందని చెప్పు. ఒక్కోసారి ఒక్కటే కాలుస్తాను."

అటక మీంచి టీ పొడి దిగింది. కొడుకు రెండు కప్పులు తాగి గాని మూటలు ఎత్తలేదు.

కోడలు లోపలి గదిలో అత్తగారి మంచం మీద పడుకుంది. పగలు పడుకోవడం చేతకాక, కళ్లు మూసుకుని పెట్టె చప్పుడు వింటోంది. కాలరు మీద ఎక్కువసేపు ఆగుతోంది, నీళ్లు ఎక్కువ చల్లుతోంది. లేచి చెప్పాలనిపించింది. లేవలేదు.

బల్ల మూలన ఫోను కూసింది. అత్తగారు చెమటకు తాళలేక తన బ్యాండు విప్పి పక్కన పడేసినట్టుంది. కోడలు ఆ చప్పుడుకు అలవాటుగా లేచి కూర్చుంది, కుడిచెయ్యి అప్పటికే ముందుకు చాచి ఉంది.

"పడుకోవే," అంది అత్తగారు, తల తిప్పకుండానే.

"ఖాళీ వస్తుందత్తయ్యా."

"రానీ. నా ఖాళీ నువ్వు పూడ్చక్కర్లేదు."

కోడలు చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని పడుకుంది. తర్వాత గోడవైపు తిరిగి, చెయ్యి చెంప కింద పెట్టుకుంది. ఫోను ఇంకాసేపు కూస్తూనే ఉంది. అత్తగారు ఇంకో కోటు పరిచి కాలరు దగ్గర మొదలుపెట్టింది.